ఓడెక్కే ముందు రాత్రి ఎక్కడ దిగాలి?

ప్రయాణాల ప్రశ్నలు, జవాబులు

వానలు తగ్గాక ముంబై నుంచి క్రూయిజ్ ఓడలు మళ్ళీ కదులుతాయి. దాంతోపాటే నాందేడ్, చంద్రపూర్ వైపు నుంచి, ఇటు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి మాకు ఉత్తరాలూ మొదలవుతాయి. ఓడలో ఏ గది తీసుకోవాలో అందరూ బాగానే తెలుసుకుంటున్నారు. పొరపాటు జరుగుతున్నది ఓడ ఎక్కే ముందు రాత్రి బస దగ్గర. అందుకే ఆ ఒక్క విషయం మీద వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మేం ఆరుగురం. బాపుకు మోకాళ్ళ నొప్పులు, అవ్వకు షుగర్. ముంబై నుంచి గోవా పోయి వచ్చే ఓడ బుక్ చేసినం. ధర్మాబాద్‌ల దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి పొద్దున ముంబైల దిగుతం, ఓడ సాయంత్రం కదులుతది. ఒకరోజు ముందే పోయి హోటల్ తీసుకునుడు అవసరమా? తీసుకుంటే ఏ ఏరియాల తీసుకోవాలె? (ఒక పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: అవసరమే. ఓడ సాయంత్రం కదులుతుంది కాబట్టి పగలంతా మీ చేతిలో ఉన్నట్టు అనిపిస్తోంది. మీ టికెట్ మళ్ళీ ఒకసారి చూడండి. ఓడ కదిలే సమయం కాక ఇంకో రెండు సమయాలు ఉంటాయి. ఒకటి మీరు కౌంటర్ దగ్గరికి రావాల్సిన సమయం, రెండోది కౌంటర్ మూసే సమయం. మీరు లెక్క పెట్టుకోవాల్సింది ఆ మూసే సమయాన్ని. ఓడ కదలడానికి గంటన్నర, రెండు గంటల ముందే, ఒక్కోసారి ఇంకా ముందే మూసేస్తారు. ఎక్కినవాళ్ళ జాబితా తేల్చాలి, సామాను తనిఖీ పూర్తి కావాలి, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ప్రయాణికులందరికీ చూపించాలి. ఆలస్యంగా వచ్చిన ఒక్క కుటుంబం కోసం ఇదంతా ఆపరు. గోవాలో ఎక్కుతాం అంటే మామూలుగా ఒప్పుకోరు, డబ్బూ తిరిగి రాదు.

దేవగిరి సమయానికి వస్తే పొద్దున ఏడు ప్రాంతంలో సీఎస్ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ స్టేషన్‌లో దిగుతారు, నిజమే. కానీ ఆ రైలు మన్మాడ్, నాసిక్ దాటాక ఇగత్‌పురి దగ్గర కసారా ఘాట్ దిగాలి. కల్యాణ్ నుంచి లోకల్ రైళ్ళ మధ్యలో సందు చూసుకుని రావాలి. ఘాట్‌లో రాయి పడ్డా, ఠాణే దగ్గర ఒక సిగ్నల్ చెడ్డా వెనకున్న బండ్లన్నీ వరసగా నిలిచిపోతాయి. మధ్యలో ఒక రాత్రి ఉంచుకుంటే రైలు ఐదు గంటలు ఆలస్యమైనా మీకు పోయేది ఒక పూట తిరుగుడు మాత్రమే. హోటల్‌కు పెట్టే డబ్బు అసలు ఇందుకే. మంచం, కిటికీ, టిఫిన్ అన్నీ దాని తర్వాతే.

ఇక ఏరియా సంగతి. ముంబైలో జనం పడవలెక్కే చోట్లు ముఖ్యంగా మూడున్నాయి, మూడూ వేరువేరు. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఎలిఫెంటా, అలీబాగ్ వైపు లాంచీలు ఎక్కుతారు. మజ్‌గావ్ దగ్గర భావుచా ధక్కా ఉంది, అదే ఫెర్రీ వార్ఫ్. మాండ్వా వెళ్ళే రో-రో పడవ, అంటే వాహనాలను కూడా ఎక్కించుకునే పడవ, అక్కడిది. పెద్ద క్రూయిజ్ ఓడలు ఆగేది బల్లార్డ్ పియర్‌లో, ఇందిరా డాక్ పక్కన. ‘ముంబై పోర్ట్’ అని ఫోన్‌లో కొట్టి కారు పిలిస్తే ఈ మూడింట్లో ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. టికెట్ మీద ఏ గేటు రాసి ఉందో, గ్రీన్ గేటో ఇంకోటో, ఆ పేరే డ్రైవర్‌కు చెప్పండి. హోటల్ దూరాన్ని కూడా ఆ గేటు నుంచే కొలవండి.

ఆ గేటు నుంచి సీఎస్ఎంటీ రెండు కిలోమీటర్లలోపే. కాబట్టి మీకు సరిపోయేది ఫోర్ట్ ప్రాంతం, అంటే సీఎస్ఎంటీకీ హార్నిమన్ సర్కిల్‌కూ నడుమ ఉన్న వీధులు, వాటిని ఆనుకుని ఉన్న బల్లార్డ్ ఎస్టేట్. ఈ బల్లార్డ్ ఎస్టేట్ 1908 నుంచి 1914 దాకా కట్టింది. అప్పట్లో అలెగ్జాండ్రా డాక్ తవ్వి తీసిన మట్టితో సముద్రాన్ని పూడ్చి ఈ వీధులు వేశారు. ఆ డాకే ఇప్పటి ఇందిరా డాక్. వీధులు విశాలంగా, చక్కగా ఉంటాయి. కాకపోతే ఇది పూర్తిగా ఆఫీసుల పేట. ఆఫీసులు మూశాక, ఆదివారాలు తినే చోట్లు చాలావరకు మూసే ఉంటాయి. అవ్వకు వేళకు తిండి పడాలి కాబట్టి హోటల్‌లోనే వంట ఉందో లేదో అడగండి, లేదంటే సీఎస్ఎంటీ వైపు తీసుకోండి.

కొలాబా మూడు కిలోమీటర్లు. తిండికీ తిరగడానికీ బాగుంటుంది, అదీ ఫర్వాలేదు. చర్చ్‌గేట్, మెరైన్ డ్రైవ్ వైపు సముద్రం కనిపిస్తుంది కానీ అది పడమటి సముద్రం, రేవు తూర్పున ఉంది; అద్దె కూడా బాగా ఎక్కువ. మస్జిద్ బందర్, పి డిమెల్లో రోడ్డు వైపు చవక గదులు దొరుకుతాయి కానీ రాత్రంతా లారీల మోత, వీధిలో సామానుతో నడవడం కష్టం. అంధేరీ, సాకీనాకా వైపు ‘ముంబై హోటల్’ అని సగం ధరకు కనిపించేవాటిని వదిలేయండి. రేవుకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. పొద్దున ట్రాఫిక్‌లో గంటన్నర, రెండు గంటలు. మిగిలింది టాక్సీకే పోతుంది.

ఇంకో మాట. నాందేడ్‌లో లాగా ఆటో ఎక్కుదాం అనుకోకండి. బాంద్రా, సాయన్ దాటి దక్షిణాన ఆటోలు రావు. నల్ల-పసుపు టాక్సీ మీటర్ మొదలు 31 రూపాయలు, అది ఒకటిన్నర కిలోమీటరుకు. ఇంత దగ్గరకు కొందరు రామంటారు, కొందరు ‘సామాను ఎక్కువుంది’ అని 300 అడుగుతారు. సీఎస్ఎంటీలో దూరపు రైళ్ళు ఆగే ప్లాట్‌ఫారాలకు పి డిమెల్లో రోడ్డు వైపు కూడా దారి ఉంది. రేవు ఆ వైపే కాబట్టి అటు బయటికి వచ్చి బండి చూసుకోండి. ఆరుగురు, ఆరు పెట్టెలంటే ఒక టాక్సీలో పట్టరు. రెండు టాక్సీలు కానీ, ఆరు సీట్ల కారు కానీ ముందురోజు రాత్రే హోటల్ రిసెప్షన్‌లో చెప్పి ఉంచండి.

బాపు మోకాళ్ళ గురించి ప్రత్యేకంగా. ఫోర్ట్, కొలాబాల్లో చవక హోటళ్ళు చాలావరకు పాత బిల్డింగుల్లో రెండో అంతస్తో మూడో అంతస్తో తీసుకుని నడిపేవి. కింద దుకాణాలు, పైన హోటల్. ‘లిఫ్ట్ ఉంది’ అని రాస్తారు. వీధి నుంచి లిఫ్ట్ తలుపు దాకా పది పన్నెండు మెట్లుంటాయని రాయరు. ఆ లిఫ్టు కూడా జాలీ తలుపుల పాతకాలపుది, ఇద్దరు మనుషులు ఒక పెట్టె పడితే గొప్ప. అందుకే యాప్‌లో బుక్ చేసే ముందు హోటల్‌కే ఫోన్ చేసి అడగండి. లిఫ్ట్ వీధి మట్టం నుంచే ఉందా? వీల్‌చైర్ పడుతుందా? కమోడ్ పాశ్చాత్య పద్ధతిదేనా? వేడినీళ్ళు రోజంతా వస్తాయా, పొద్దున కొన్ని గంటలేనా? గదికి కిటికీ ఉందా, ఉంటే వీధిలోకా, పక్క గోడకా? ‘ఫ్యామిలీ రూమ్’ అంటే నాలుగు మంచాలా, ఒక మంచం మీద ఇద్దరు, కింద పరుపు మీద ఇద్దరా? ఈ ఆరింటికి తడుముకోకుండా జవాబిచ్చిన హోటలే మంచిది. ‘అన్నీ ఉన్నాయి సార్, వచ్చేయండి’ అన్నారంటే ఇంకోటి చూసుకోండి.

ముందురోజు పొద్దున్నే దిగితే సాయంత్రం ఖాళీగా ఉంటుంది. సీఎస్ఎంటీ బిల్డింగు 1887 నాటిది, 2004లో యునెస్కో జాబితాకెక్కింది. చీకటి పడ్డాక దీపాల్లో చూడాలి. అక్కడి నుంచి టాక్సీలో హార్నిమన్ సర్కిల్ ఎదుట 1833లో పూర్తయిన టౌన్‌హాల్, తర్వాత 1924లో తెరిచిన గేట్‌వే చూసి తొమ్మిదికల్లా గదికి రావచ్చు. టౌన్‌హాల్ మెట్లు చాలా ఎక్కువ, బాపును కింద నుంచే చూడమనండి.

ప్రశ్న: కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం. అది ముంబైలో తెల్లవారకముందే దించేస్తుందట. హోటలువాళ్ళేమో మధ్యాహ్నం పన్నెండుకి గానీ గది ఇవ్వమంటున్నారు. మా బరంపురంలో లాడ్జీకి ఎప్పుడు దిగితే అప్పట్నించి ఇరవై నాలుగ్గంటలు కదా, అక్కడ అలా ఉండదా? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: ముంబైలో చాలా హోటళ్ళలో అలా ఉండదమ్మా. మధ్యాహ్నం 12 లేదా 2 గంటలకు గది ఇచ్చి, మర్నాడు 10, 11, 12 గంటల్లో ఏదో ఒక వేళకు ఖాళీ చేయమంటారు. పాత బిల్డింగుల్లోని చిన్న హోటళ్ళలో కొన్ని 24 గంటల లెక్క పాటిస్తాయి. ఫోన్ చేసినప్పుడు ‘చెక్‌ఔట్ ఎన్నింటికి?’ అని కాకుండా ‘24 గంటలా, ఫిక్స్‌డ్ టైమా?’ అని అడగండి.

మీ విషయంలో అసలు చిక్కు తేదీ దగ్గర వస్తుంది. బరంపురంలో 10వ తేదీ సాయంత్రం ఎక్కితే ముంబైలో దిగేది 12వ తేదీ తెల్లవారుజామున. అప్పుడే గది కావాలంటే బుకింగ్ 11వ తేదీ రాత్రికి చెయ్యాలి. చాలామంది 12 అని పెట్టి, నాలుగింటికి వెళ్ళి రిసెప్షన్‌లో కూర్చుంటారు. 11 అని పెట్టినవాళ్ళు ఇంకో పొరపాటు చేస్తారు: అర్ధరాత్రి దాటి వస్తామని హోటల్‌కు చెప్పరు. రాత్రి పదకొండు దాకా చూసి, రాలేదనుకుని గది ఇంకొకరికి ఇచ్చేస్తారు, డబ్బూ పోతుంది. బుక్ చేసిన రోజే ఫోన్ చేసి ‘12 తెల్లవారుజామున కోణార్క్‌లో దిగుతున్నాం’ అని చెప్పండి, అదే మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. రైలెక్కాక మరోసారి చెప్పండి.

ఏడెనిమిది గంటల కోసం ఒక రాత్రి డబ్బా అని అనిపిస్తుంది. పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే పెట్టండి, ఒకటిన్నర రోజు రైల్లో కూర్చున్న ఒళ్ళు అది. మీరిద్దరే అయితే మరో దారి ఉంది. సీఎస్ఎంటీ వెయిటింగ్ రూములో తెల్లారేదాకా ఉండి, ఏడింటికి హోటల్‌కు వెళ్ళి సామాను అక్కడ పెట్టి ఊరు చూడండి. సామాను ఉంచుకోవడానికి చాలా హోటళ్ళు ఒప్పుకుంటాయి. స్టేషన్‌లోనే క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే పెట్టెలకు తాళం ఉండాలి, టికెట్ చూపించాలి. తాడు కట్టిన సంచులు, అట్టపెట్టెలు తీసుకోరు. స్టేషన్‌లో రిటైరింగ్ రూములు ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు, కానీ రైలు టికెట్ పీఎన్ఆర్ ఉండాలి, గదులు త్వరగా అయిపోతాయి.

అదే రోజు ఓడ ఎక్కుదాం అని మాత్రం అనుకోకండి. అంత దూరపు బండిని నమ్మి అదే రోజుకు ఓడ పెట్టుకోవడం మంచిది కాదు. కనీసం ఒక పూర్తి రాత్రి మధ్యలో ఉండాలి. తిరుగు ప్రయాణంలో కూడా ఇదే సంగతి. కోణార్క్ ముంబైలో మధ్యాహ్నం బయల్దేరుతుంది. ఓడ పొద్దున చేరినా సామాను చేతికొచ్చి బయటపడేసరికి పది, పదకొండు అవుతుంది. మర్నాటి కోణార్క్‌కు టికెట్ తీసుకుని, రెండో రాత్రికీ అదే హోటల్‌లో మాట్లాడుకుంటే అద్దె కాస్త తగ్గిస్తారు, మీరు ఓడలో ఉన్న రోజులు పెద్ద పెట్టె ఒకటి వాళ్ళ దగ్గరే ఉంచుకోవచ్చు.

తేదీలు ఎంచుకునేటప్పుడు రెండు రోజులు చూసుకోండి. జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్. సీఎస్ఎంటీ దగ్గరే మొదలవుతుంది కాబట్టి దక్షిణ ముంబై రోడ్లు మధ్యాహ్నం దాకా మూసేస్తారు, ముందు రాత్రి హోటళ్ళూ నిండిపోతాయి. డిసెంబర్ 6న డాక్టర్ అంబేడ్కర్ మహాపరినిర్వాణ దినం. దాదర్ చైత్యభూమికి లక్షల మంది వస్తారు. విదర్భ, మరాఠ్వాడా రైళ్ళలో ఆ తేదీకి అటూ ఇటూ రిజర్వేషన్ బోగీల్లో కూడా కాలు పెట్టే చోటుండదు. నాందేడ్, చంద్రపూర్ పాఠకులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: భివండీల మా చిన్నాయన వాళ్ళ ఇల్లున్నది. హోటల్ అంటే వాళ్ళు కోపానికి వస్తున్నరు. అక్కడ పండి పొద్దున రేవుకు పోతే కాదా? (ఒక పాఠకుడు, దెగ్లూర్)

జవాబు: చిన్నాయన ఇంటికి తప్పకుండా వెళ్ళండి, కానీ ఓడ దిగాక వెళ్ళండి. లేదంటే రెండు రోజుల ముందే వెళ్ళి ఉండి, చివరి రాత్రికి ఫోర్ట్‌కు రండి. భివండీ నుంచి బల్లార్డ్ పియర్ నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. భివండీ బైపాస్, ఠాణే దాటే దగ్గరే పొద్దున గంట పోతుంది. సీఎస్ఎంటీకి నేరుగా లోకల్ లేదు. కల్యాణ్‌కో ఠాణేకో వచ్చి ఫాస్ట్ లోకల్ పట్టాలి. పనిరోజుల్లో ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ లోకల్‌లో పెట్టెతో ఎక్కడం కాని పని. ఆదివారమైతే మెగాబ్లాక్ ఉంటుంది, పట్టాల మరమ్మతుల కోసం కొన్ని లైన్లు గంటల తరబడి ఆపేస్తారు. ఓడ తప్పితే వాళ్ళు కూడా బాధపడతారు కదా అని చిన్నాయనకు నచ్చజెప్పండి. ఓడ దిగిన రోజు సామానుతో నేరుగా భివండీ వెళ్తే తొందరా ఉండదు, మాట్లాడుకోవడానికి కబుర్లూ ఉంటాయి.

ప్రశ్న: మేము లక్షద్వీప్ ఓడకు కొచ్చి వెళ్తున్నాం. రాయగడలో ధన్‌బాద్-అలెప్పీ ఎక్కుతాం. ఫోర్ట్ కొచ్చిలో పాత డచ్చి ఇంట్లో ఉండాలని మా ఆవిడ ముచ్చట. ఓడకు ఇబ్బంది అవుతుందా? (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: ముచ్చట తీర్చవచ్చు, కానీ రాత్రులు పంచుకోండి. కొచ్చి మూడు ముక్కల ఊరు. రైలు దిగేది ఎర్నాకుళంలో. పాత ఇళ్ళున్న ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి పడమటి ఒడ్డున. వాటి నడుమ విల్లింగ్డన్ దీవి. రేవు లోతు చేయడానికి తవ్విన మట్టితో బ్రిటిష్ కాలంలో కట్టిన దీవి అది. లక్షద్వీప్ ఓడలూ, పెద్ద క్రూయిజ్ ఓడలూ ఆగేది ఆ దీవి ఒడ్డునే. ఎర్నాకుళం నుంచి దీవికి తేవర వంతెన మీదుగా ఆరేడు కిలోమీటర్లు. ఫోర్ట్ కొచ్చి నుంచీ దూరం దాదాపు అంతే కానీ తోప్పుంపడి వంతెన దగ్గర పొద్దునా సాయంత్రమూ వాహనాలు ఆగిపోతాయి. మ్యాప్‌లో ఎదురుగా దీవి కనిపిస్తుంది కాబట్టి పక్కనే అనుకుంటారు, మధ్యలో నీళ్ళున్నాయి.

మొదటి రెండు రాత్రులు ఫోర్ట్ కొచ్చిలో గడపండి, ఓడకు ముందు రాత్రి మాత్రం దీవిలో కానీ ఎర్నాకుళం సౌత్ స్టేషన్ దగ్గర కానీ ఉండండి. పొద్దున ఎనిమిదిలోపు అక్కడ ఉండమన్నప్పుడు ఈ మార్పు విలువ తెలుస్తుంది. రిపోర్టింగ్ మధ్యాహ్నమైతే ఫోర్ట్ కొచ్చి నుంచే నేరుగా వెళ్ళొచ్చు, గంట ముందు బయల్దేరితే చాలు.

పాత ఇల్లు తీసుకునేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పైఅంతస్తు నేల చెక్కది. పైన ఎవరైనా నడిస్తే కింద గదిలో ప్రతి అడుగూ వినిపిస్తుంది, కాబట్టి పై గది అడగండి. కానీ మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి, పెద్ద పెట్టె మోయడానికి మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి. సముద్రపు గాలికి గోడలు చెమ్మగిల్లి ముక్కవాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఒక రాత్రికే బుక్ చేసి, బాగుంటే పొడిగించుకోవాలి. దోమలు ఎక్కువ, తెర ఉందా అని అడగండి. హోమ్‌స్టేల్లో రాత్రి తొమ్మిదో పదో దాటితే తలుపు తీసేవాళ్ళు ఉండకపోవచ్చు. రైలు ఆలస్యమైతే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో ముందే తీసుకోండి.

చూడాల్సినవాటిలో 1503 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉంది. వాస్కో డ గామాను 1524లో మొదట పూడ్చింది అక్కడే. మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనాలయానికి శుక్ర, శనివారాలు సెలవు. పక్కనున్న డచ్ ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. ఆ రోజుల్లో అటు వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువ.

లక్షద్వీప్‌కు అనుమతి పత్రం లేనిదే ఓడ ఎక్కనివ్వరు. అది చేతికి వచ్చాకే డబ్బు తిరిగి రాని గదులు తీసుకోండి. వాతావరణాన్ని బట్టి ఆ ఓడల తేదీలు మారడం మామూలే కాబట్టి, రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వచ్చే గదికి నూటికి పదిహేను ఎక్కువైనా ఇవ్వడం లాభమే.

ప్రశ్న: యాప్‌ల చూపించే ధర ఒకటి, చివరకు కట్టేది ఒకటి అయితున్నది. ఆధార్‌ల పేరు ఒక తీరు, ఓడ టికెట్ల ఒక తీరు ఉంటే హోటల్‌ల పరేషాన్ చేస్తరా? (ఒక పాఠకురాలు, చంద్రపూర్)

జవాబు: 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంటే 7,400 గదికి పన్నుతో 7,770 అవుతుంది, 7,600 గదికి 8,968. ధర ఆ గీత దగ్గర ఉంటే చిన్న గదికి దిగడమే తెలివి. యాప్ తన సొంత రుసుము వేరే కలుపుతుంది. యాప్‌లో ధర చూసి, అదే గదికి హోటల్‌కు ఫోన్ చేసి అడగండి. ‘టిఫిన్ కలిపి ఎంత’ అని అడిగితే తరచూ తక్కువకే వస్తుంది, పైగా ఉదయం గది ఇవ్వడమో సామాను ఉంచుకోవడమో మాట్లాడుకోవచ్చు. ‘ఉచిత రద్దు’ అని ఉన్నచోట తేదీతో పాటు గంట కూడా రాసి ఉంటుంది, అది చూడండి.

పేరు విషయంలో హోటల్‌లో పెద్ద చిక్కు రాదు. పెద్దవాళ్ళందరి అసలు గుర్తింపు కార్డులు అడుగుతారు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఒప్పుకోరు. చిక్కు ఓడ దగ్గర వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, మరాఠీ, ఒడియా పద్ధతిలో చివర. కొందరి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. ఓడ టికెట్ మీద పేరు, చేతిలో ఉన్న కార్డు మీద పేరు అక్షరం అక్షరం కలవాలి. తేడా ఉంటే బయల్దేరేముందే కంపెనీకి రాసి సరిచేయించండి. ఆఖరి రోజు కౌంటర్ దగ్గర అది కాదు.

ప్రశ్న: పిల్లాడి మొదటి జీతంతో మమ్మల్ని సింగపూర్ క్రూయిజ్‌కి తీసికెళ్తున్నాడు. లిటిల్ ఇండియాలో హోటల్ అయితే మన తిండి దొరుకుతుందంటున్నారు. రేవుకి దూరమా? (ఒక పాఠకురాలు, జయపురం)

జవాబు: ఏ రేవో ముందు చూడమనండి. సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్ళు రెండు. హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఉన్నదైతే లిటిల్ ఇండియా నుంచి ఊదారంగు మెట్రో లైన్‌లో నేరుగా చివరి స్టేషన్, బండి మారక్కర్లేదు. మెరీనా బే క్రూయిజ్ సెంటర్ అయితే ధోబీ ఘాట్‌లో ఎర్ర లైన్‌కు మారి చివరి స్టేషన్ మెరీనా సౌత్ పియర్‌లో దిగి, అక్కణ్ణుంచి సామానుతో పది నిమిషాలు నడవాలి. ఆ రెండోదానికి టాక్సీయే నయం.

లిటిల్ ఇండియా చవక హోటళ్ళలో కిటికీ లేని గదులు మామూలు. గది వివరాల్లో ‘కిటికీ లేదు’ అని చిన్నగా రాసి ఉంటుంది, వెతకమనండి. గది ఇచ్చేది మధ్యాహ్నం 2 లేదా 3కి. రాత్రి విమానంలో తెల్లారి దిగితే ఒక రాత్రి ముందునుంచే బుక్ చెయ్యాలి. బరంపురం వారికి చెప్పిన తేదీ లెక్కే. ఓడ సింగపూర్ దాటి వెళ్ళి తిరిగి వస్తుంది కాబట్టి వీసా ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చేదై ఉండాలి, ఓడ దిగి మళ్ళీ ఒక రాత్రి ఉందామనుకున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ఇంకో సంగతి గట్టిగా చెప్తున్నాం: గుట్కా, ఖైనీ, జర్దా అక్కడ నిషేధం. అలవాటున్నవాళ్ళు జేబులోనూ బ్యాగులోనూ ఒక్క పొట్లం కూడా లేకుండా చూసుకోవాలి.

ప్రశ్న: ‘రోమ్ నుంచి క్రూయిజ్’, ‘వెనిస్ నుంచి క్రూయిజ్’ అంటున్నరు. హోటల్ ఆ ఊళ్ళల్ల తీసుకోవాల్నా? (ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: బ్రోషర్‌లో ఊరి పేరు రాస్తారు, రేవు వేరే ఉంటుంది. రోమ్‌కు రేవు చివిటావెక్కియా, డెబ్బై ఎనభై కిలోమీటర్లు. లండన్ అంటే తరచూ సౌతాంప్టన్. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడలు పాత ఊరి కాలువల్లోకి రావడం నిషేధం. కొన్ని మార్గెరాలో ఆగుతాయి, ఇంకొన్ని రవెన్నా, త్రియెస్తె నుంచే బయల్దేరతాయి. ఆ రెండూ వంద కిలోమీటర్ల పైదూరం. ఊరు చూసే రాత్రులు ఊళ్ళో, ఆఖరి రాత్రి రేవున్న ఊళ్ళో. వెనిస్ పాత ఊళ్ళో కార్లు తిరగవు, ప్రతి కాలువకూ మెట్ల వంతెనే. చక్రాల పెట్టెను ఎత్తుకునే నడవాలి.

ప్రశ్న: విశాఖలో ఓడెక్కాలంటే పర్లాకిమిడి నుంచి అదే రోజు కార్లో వెళ్ళిపోవచ్చా? ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: నాలుగు గంటల దారే, తెలిసిన దారే. కౌంటర్ మధ్యాహ్నం తర్వాత మూసేటట్టయితే పొద్దున ఆరింటికి బయల్దేరి వెళ్ళొచ్చు. తుపానుల కాలం, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదలు దాకా, ముందు రాత్రే చేరండి. గది జగదాంబ జంక్షన్ వైపో పాత పోస్టాఫీసు వైపో తీసుకుంటే రేవు దగ్గర. బీచ్ రోడ్డులో రుషికొండ దాకా వెళ్ళిపోతే మళ్ళీ ఊరంతా దాటి రావాలి.

ఇస్త్రీపెట్టె, కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఓడలోకి రానివ్వరు, నిప్పు భయం. చాకు, కత్తెర కూడా తీసేస్తారు. ఇంట్లో వండిన తిండినీ, ఊరగాయనీ చాలా ఓడలు ఒప్పుకోవు. సీలు వేసిన పొట్లాలకు, పసిపిల్లల ఆహారానికి కొన్నిచోట్ల మినహాయింపు ఉంటుంది, కంపెనీని అడగండి. మందులు మాత్రం చీటీతో సహా చేతి సంచీలోనే ఉండాలి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మిగతావన్నీ ఒక సంచీలో వేసి, పేరూ తిరిగొచ్చే తేదీ రాసి హోటల్‌లో పెట్టి, రసీదు అడిగి తీసుకోండి.